బ్రిటన్‌లో ఇల్లు అద్దెకిచ్చారా? ఏటా గ్యాస్ తనిఖీ చేయించే పద్ధతి ఇదీ

"గ్యాస్ సర్టిఫికెట్ గడువు దాటిపోయింది, ఇప్పుడేం చేయాలి?" అని అడిగే ఉత్తరాలు ఈ మధ్య ఎక్కువయ్యాయి. అడిగేవారు ముఖ్యంగా రెండు రకాలు. ఇంటి కిస్తీకి ఆసరాగా ఉంటుందని ఒక గదిని చదువుకునే కుర్రాళ్లకు అద్దెకిచ్చినవారు కొందరు. పదేళ్లు అక్కడ ఉద్యోగం చేసి, ఫ్లాటును ఏజెంటుకు అప్పగించి హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగి వచ్చేసినవారు ఇంకొందరు.

మన దగ్గర సిలిండరు, స్టవ్వు, రెగ్యులేటరు సాధారణంగా అద్దెకున్నవారివే. ఖాళీ చేసేటప్పుడు సామానుతో పాటు తీసుకెళ్లిపోతారు. ఆ అలవాటుతోనే బ్రిటన్‌లోనూ గ్యాస్ సంగతి అద్దెదారు చూసుకుంటాడనుకుంటాం. అక్కడ గ్యాస్ గొట్టంలో ఇంటికే వస్తుంది. నీళ్లనూ గదులనూ వేడిచేసే బాయిలర్ మీది, దాని పొగగొట్టం మీది, బాధ్యతా మీదే.

కింద చెప్పిన గ్యాస్ నిబంధనలు ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లాండ్ మూడింటికీ వర్తిస్తాయి. అలారాలు, లైసెన్సుల గురించి చెప్పినవి మాత్రం ఇంగ్లండ్‌కు సంబంధించినవి.

1. ఇది మీకు వర్తిస్తుందా?

1998 నాటి గ్యాస్ భద్రతా నిబంధనల్లో 36వది ఇంటి యజమానుల కోసం రాసింది. మీరు సమకూర్చిన ప్రతి గ్యాస్ పరికరాన్నీ, దాని పొగగొట్టాన్నీ 12 నెలలకు మించకుండా తనిఖీ చేయించాలన్నది అందులోని సారం. పొగగొట్టాన్ని అక్కడ ఫ్లూ అంటారు.

వర్తించే సందర్భాలు:

- ఇల్లంతా లేదా ఫ్లాటంతా అద్దెకిచ్చినప్పుడు
- మీరుంటున్న ఇంట్లోనే ఒక గది అద్దెకిచ్చినప్పుడు (చాలామంది తమకు వర్తించదనుకునేది ఇదే)
- సెలవులకు వచ్చేవారికి కొద్దిరోజుల కోసం ఇచ్చినప్పుడు
- గదిలో పెట్టుకోవడానికి సిలిండరుతో నడిచే హీటరు మీరే ఇచ్చినప్పుడు

ఇంట్లో అంతా కరెంటుతోనే నడుస్తుంటే ఈ తనిఖీతో పనిలేదు. అద్దెదారు సొంతంగా కొని తెచ్చుకున్న గ్యాస్ కుక్కర్ (అక్కడ ఓవెన్‌తో కలిసి ఉండే పెద్ద స్టవ్వును అలా అంటారు) మీ బాధ్యత కాదు, కానీ దానిదాకా వచ్చే గొట్టం మీదే. అతను ఖాళీ చేస్తూ ఆ కుక్కర్‌ను అక్కడే వదిలేసి, మీరు దాన్ని కొత్తవారికి ఉంచారనుకోండి. ఆ రోజు నుంచి అది మీ లెక్కలోకి వస్తుంది.

2. ముందుగా తేదీ లెక్క

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. గడువు చివరి వారంలో ఇంజినీరు కోసం వెతకడం మొదలుపెడతారు. ఆ వారం అద్దెదారు ఊళ్లో ఉండడు.

2018 ఏప్రిల్‌లో వచ్చిన సవరణ వల్ల ఒక మంచి వెసులుబాటు దొరికింది. గడువుకు ముందు రెండు నెలల్లో ఎప్పుడు తనిఖీ చేయించినా పాత గడువు తేదీ చెక్కుచెదరదు. ముందుగా చేయించినందుకు రోజులు నష్టపోవడం ఉండదు.

మీ గడువు 2026 జూన్ 20 అనుకుందాం.

- మే 2న చేయిస్తే, తర్వాతి గడువు 2027 జూన్ 20.
- ఏప్రిల్ 5న చేయిస్తే, అది రెండు నెలలకన్నా ముందు కాబట్టి తర్వాతి గడువు 2027 ఏప్రిల్ 5.
- జూలై 4న చేయిస్తే మధ్యలో రెండు వారాలు మీరు నిబంధన ఉల్లంఘించినట్టే. తర్వాతి గడువు 2027 జూలై 4.

ఈ వెసులుబాటు వాడుకునేవారు పాత రికార్డులు, అంటే తనిఖీ తర్వాత ఇంజినీరు ఇచ్చే కాగితాలు, చూపించగలగాలి. అవి లేకపోతే చివరి తనిఖీ జరిగిన రోజు నుంచే 12 నెలలు లెక్కపెట్టుకోవాలి.

ఫోను క్యాలెండర్‌లో గడువు తేదీ ఒక్కటే రాసుకుంటే సరిపోదు. గడువుకు పది వారాల ముందు ఒక గుర్తు పెట్టుకోండి, అది ఇంజినీరును మాట్లాడుకోవడానికి. ఎనిమిది వారాల ముందు ఇంకొకటి, అది తనిఖీ జరగడానికి. అప్పుడు ఒకటి రెండు సార్లు తలుపు తెరుచుకోకపోయినా కంగారుపడక్కర్లేదు.

కొత్త బాయిలర్ పెట్టించినవారు, పెట్టించిన రోజు నుంచి 12 నెలల్లోపు మొదటి తనిఖీ చేయించాలి.

3. ఇంజినీరును ఎంచుకోవడం

ఈ పని చేయడానికి గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో నమోదైన ఇంజినీరుకే అర్హత ఉంది. 2009 ఏప్రిల్ 1 నుంచి, అంతకుముందున్న కోర్గీ అనే నమోదు వ్యవస్థ స్థానంలో ఇది అమల్లో ఉంది. "మా బావమరిది ప్లంబరు, చూసి సంతకం పెడతాడు" అనే మాట ఇక్కడ చెల్లదు.

ప్రతి ఇంజినీరు దగ్గరా ఫొటో ఉన్న గుర్తింపు కార్డు, దాని మీద ఏడంకెల లైసెన్సు నంబరు ఉంటాయి. ఆ నంబరును రిజిస్టర్ వెబ్‌సైటులో సరిచూడవచ్చు, లేదా 0800 408 5500కు ఫోను చేసి అడగవచ్చు. చాలామంది కార్డు ముందువైపు చూసి తృప్తిపడతారు. అసలు సంగతి వెనకవైపు ఉంటుంది. ఆయన ఏయే పరికరాల మీద పని చేయవచ్చో అక్కడ రాసి ఉంటుంది. బాయిలర్‌కు అర్హత ఉండి, గ్యాస్ ఫైర్‌కు (గోడకు ఉండి గదిని వేడిచేసే గ్యాస్ హీటరుకు) లేనివారు ఉంటారు. గొట్టం గ్యాస్‌కు అర్హత ఉండి ఎల్‌పీజీకి లేనివారూ ఉంటారు.

ఫోనులో మాట్లాడేటప్పుడే ఇవి తేల్చుకోండి:

- ఇంట్లో ఎన్ని పరికరాలున్నాయి, అవి ఏమిటి (ధర వాటిని బట్టే మారుతుంది)
- తనిఖీ ఒక్కటేనా, బాయిలర్ సర్వీసు కూడానా
- గొట్టాల్లో లీకేజీ పరీక్ష చేస్తారా
- చిన్న మరమ్మతు అవసరమైతే ఎంతవరకు అడగకుండా చేయవచ్చు
- రికార్డు ఈమెయిల్‌లో ఎప్పుడు పంపుతారు

రెండో ప్రశ్న దగ్గర కాస్త ఆగాలి. సర్వీసు వేరు, భద్రతా తనిఖీ వేరు. సర్వీసు చేసిన ఇంజినీరు ఇచ్చే కాగితం భద్రతా రికార్డు కాదు. తనిఖీ మాత్రమే చేయించి సర్వీసు మానేస్తే బాయిలర్ తయారీదారు ఇచ్చిన వారంటీ పోయే ప్రమాదం ఉంది. రెండూ ఒకే రోజు పెట్టించుకుంటే అద్దెదారును రెండుసార్లు ఇబ్బంది పెట్టనక్కర్లేదు. కొంత డబ్బూ మిగులుతుంది.

మూడో ప్రశ్నకు కారణం ఉంది. ఏడాదికోసారి తప్పనిసరిగా చూడాల్సినవి పరికరాలు, పొగగొట్టాలు మాత్రమే. గొట్టాలను సురక్షితంగా ఉంచాల్సిన బాధ్యత మీదే అయినా, అడగకపోతే వాటిని పరీక్షించకపోవచ్చు. కాబట్టి అడగండి.

4. ముందు గదిలో ఎవరైనా పడుకుంటున్నారా?

ఇంజినీరు వచ్చేలోపు మీరే చూసుకోవాల్సిన విషయం ఇది. మనవాళ్ల ఇళ్లలో తరచూ ఎదురవుతుంది కాబట్టి వివరంగా చెబుతున్నాను.

మూడు పడకగదుల పాత ఇల్లు. నలుగురు విద్యార్థులకు ఇచ్చారు. నెల తిరిగేసరికి ఐదో కుర్రాడు చేరాడు, ముందు గదిలో పరుపు వేసుకున్నాడు. ఆ గదిలో గోడకు గ్యాస్ ఫైర్ ఉంది. కొన్ని ఇళ్లలో దాని వెనకే పాతకాలపు బ్యాక్ బాయిలర్ కూడా ఉంటుంది. ఇవి గదిలోని గాలినే పీల్చుకుని మండుతాయి. పొగ చిమ్నీలోంచి పోవాలి. చిమ్నీలో ఏ పక్షి గూడో అడ్డుపడితే ఆ పొగ తిరిగి గదిలోకే వస్తుంది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాడికి తెలిసే అవకాశమే లేదు.

అందుకే నిబంధన కఠినంగా ఉంది. పడుకునే గదిలో 14 కిలోవాట్లకు మించిన గ్యాస్ హీటరు లేదా వాటర్ హీటరు ఉంటే, అది బయటి గాలినే తీసుకుని పొగను బయటికే వదిలే మూసిన రకం అయి ఉండాలి. 14 కిలోవాట్లు, అంతకన్నా తక్కువైతే మూసిన రకమైనా కావాలి, లేదా ప్రమాదకర స్థాయికి పొగ చేరకముందే ఆపేసే పరికరమైనా అందులో ఉండాలి. అలాంటివి లేని గదిని పడకగదిగా వాడనివ్వకూడదు. చూడాల్సింది మీరే. "నాకు తెలియకుండా పరుపు వేసుకున్నాడు" అన్నది ఒకసారి నిజమే కావచ్చు, ప్రతిసారీ చెల్లదు.

చేయాల్సింది రెండింటిలో ఒకటి. గదిలోంచి పడకను తీయించండి, లేదా ఇంజినీరుతో ఆ ఫైర్‌ను తొలగించి గ్యాస్ గొట్టానికి మూత వేయించండి. ఫైర్‌కు అడ్డంగా బీరువా పెట్టడం పరిష్కారం కాదు.

ఐదుగురు, అంతకన్నా ఎక్కువమంది, ఒకే కుటుంబం కానివారు వంటగదో బాత్రూమో కలిసి వాడుకుంటూ ఉంటే ఇంగ్లండ్‌లో ఆ ఇంటికి స్థానిక కౌన్సిల్ లైసెన్సు కూడా అవసరం. ఐదో పరుపు అక్కడికి కూడా దారితీస్తుందని గుర్తుంచుకోండి.

5. అద్దెదారుతో సమయం కుదుర్చుకోవడం

కనీసం 24 గంటల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. వారం ముందు చెప్పడం మర్యాద. సందేశంలో ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరు, ఎందుకు అనేవి ఉండాలి. నేను పంపే సందేశం ఇలా ఉంటుంది:

"నమస్కారం అండీ. ఇంట్లోని బాయిలర్, గ్యాస్ స్టవ్వులకు ఏటా చేయించాల్సిన భద్రతా తనిఖీ గడువు జూన్ 20తో ముగుస్తుంది. మే 2, శనివారం ఉదయం 9 నుంచి 11 గంటల మధ్య ఇంజినీరు వస్తారు. గంటలోపే పని అయిపోతుంది. చట్టప్రకారం తప్పనిసరి, మీ క్షేమానికి కూడా అవసరం. ఆ సమయం కుదరకపోతే మీకు వీలైన రెండు సమయాలు చెప్పండి, మార్పిస్తాను. బాయిలర్ ముందున్న సామాను కాస్త పక్కకు జరిపి, మీటరులో డబ్బు ఉండేలా చూడండి."

ఆ చివరి మాట అనుభవం నేర్పింది. ఒక ఏడాది మా ఇంట్లో ముందే డబ్బు కట్టి వాడుకునే మీటరు ఉంది. ఇంజినీరు సమయానికి వచ్చాడు, అద్దెదారు తలుపు తీశాడు, టీ కూడా ఇచ్చాడు. స్టవ్వు వెలిగించబోతే గ్యాస్ రాలేదు, మీటరులో డబ్బు అయిపోయింది. గ్యాస్ లేకపోతే మంటా లేదు, ఒత్తిడీ లేదు, పరీక్షా లేదు. ఆయన వచ్చినందుకు రుసుము తీసుకుని వెళ్లిపోయాడు. అప్పటినుంచి ముందురోజు సాయంత్రం ఒకసారి గుర్తుచేస్తున్నాను.

ముందురోజు సరిచూసుకోవాల్సినవి:

- బాయిలర్ ఉన్న అలమర తాళం అందుబాటులో ఉందా
- మీటరు పెట్టె తెరుచుకుంటుందా
- స్టవ్వు మీద, చుట్టూ ఖాళీ ఉందా
- బాయిలర్ ముందు బట్టలు, సూట్‌కేసులు లేవు కదా
- గత ఏడాది రికార్డు, బాయిలర్ మాన్యువల్ ఇంజినీరుకు పంపారా
- తప్పనిసరిగా ఒక పెద్దవారు ఇంట్లో ఉంటారా

6. తలుపు తీయకపోతే

మీ ఇల్లే అయినా బలవంతంగా లోపలికి వెళ్లే హక్కు మీకు లేదు. మారుతాళంతో చెప్పకుండా వెళ్లడం కూడా తగదు. "చేయగలిగినదంతా చేశాను" అని చూపించగలగడమే మీకు రక్ష. భద్రతా నిబంధనలు చూసే హెచ్‌ఎస్‌ఈ అధికారులు కనీసం మూడు ప్రయత్నాలు చేశారా అని చూస్తారు.

మొదటిసారి ఇంజినీరు వచ్చి వెళ్లినట్టు తలుపు దగ్గర చీటీ వదలాలి. రెండోసారి, ఇది చట్టం కోరేదని, తన ప్రాణరక్షణ కోసమని వివరిస్తూ ఉత్తరం రాయాలి. మూడోసారి తనకు వీలైన రోజు తానే ఇంజినీరుతో కుదుర్చుకునే అవకాశం ఇవ్వాలి. ప్రతిదానికీ తేదీ, నకలు ఉంచుకోండి. ఫోనులో మాట్లాడితే ఆ వెంటనే "ఇందాక అనుకున్నట్టు" అంటూ ఒక సందేశం పంపండి. అప్పటికీ ఒప్పుకోకపోతే న్యాయవాది సలహా తీసుకోవాల్సిందే. కోపం వచ్చి గ్యాస్ కట్టేయించడం మాత్రం చేయవద్దు.

7. తనిఖీలో ఏం జరుగుతుంది

పది నిమిషాల్లో బాయిలర్ వైపు ఒకసారి చూసి సంతకం చేసి వెళ్లిపోతే అది తనిఖీ కాదు. సక్రమంగా చేసే మనిషి ఏం చేస్తాడో తెలిస్తే తేడా పట్టుకోవచ్చు.

గొట్టాల పరీక్ష అడిగి ఉంటే ముందు మీటరు దగ్గర ఒత్తిడి కొలిచే సాధనం తగిలిస్తాడు. అన్నీ ఆపి కాసేపు చూస్తాడు. ముల్లు లేదా అంకె కిందికి దిగితే ఎక్కడో లీకు ఉన్నట్టు. తర్వాత పరికరాలు వెలిగించి, గ్యాస్ ప్రవహిస్తున్నప్పటి ఒత్తిడి చూస్తాడు. మీటరు దగ్గర అది 21 మిల్లీబార్ల దరిదాపుల్లో ఉండాలి.

బాయిలర్ దగ్గర పొగలో ఒక గొట్టం పెట్టి, కార్బన్ మోనాక్సైడ్ ఎంత, కార్బన్ డయాక్సైడ్ ఎంత అని యంత్రంతో కొలుస్తాడు. గదిలోని గాలి పీల్చే గ్యాస్ ఫైర్ అయితే పొగపుల్ల వెలిగించి దగ్గర పెడతాడు. ఆ పొగ లోపలికి లాగినట్టు పోవాలి. గదిలోకి తిరిగొస్తే పని ఆగిపోయినట్టే. స్టవ్వు మీద ప్రతి బర్నరూ వెలిగిస్తాడు. మంట నీలంగా, నిటారుగా ఉండాలి. పసుపు రంగులో ఊగుతూ ఉంటే సందేహించాలి. మంట ఆరిపోతే గ్యాస్ దానంతట అదే ఆగుతుందా అని కూడా చూస్తాడు. విడిగా నిలబడే కుక్కర్ అయితే ముందుకు ఒరిగి పడకుండా వెనక గొలుసో బిగింపో ఉందా అని వంగి చూస్తాడు. వంగి చూడనివాడిని నేను మరుసటి ఏడాది పిలవను.

ఫ్లాటుల యజమానులకు ఒక ప్రత్యేక విషయం. కొన్ని భవనాల్లో, ముఖ్యంగా 2000 తర్వాత కొన్నేళ్లపాటు కట్టిన వాటిలో, బాయిలర్ పొగగొట్టం సీలింగు లోపలి నుంచి దూరంగా వెళ్తుంది. దాన్ని చూడటానికి సీలింగులో తెరిచే మూతలు ఉండాలి. అవి లేకపోతే ఇంజినీరు దాన్ని ప్రమాదావకాశం కింద రాసి, మీ అనుమతితో బాయిలర్ ఆపేస్తాడు. ఫ్లాటు కొనేటప్పుడే తలెత్తి సీలింగు చూడటం మంచిది.

8. చేతికొచ్చిన రికార్డును చదవండి

చాలామంది ఫైలులో పెట్టేస్తారు, చదవరు. దీన్ని పాత అలవాటుకొద్దీ సీపీ12 అంటారు. పేరేదైనా, ఇవి ఉన్నాయో లేదో చూడండి:

- తనిఖీ చేసిన తేదీ
- ఇంటి పూర్తి చిరునామా, ఫ్లాటు నంబరుతో సహా
- యజమాని లేదా ఏజెంటు పేరు, చిరునామా
- ప్రతి పరికరం, అది ఏ గదిలో ఉంది
- కనిపించిన లోపాలు, తీసుకున్న చర్యలు
- ఇంజినీరు పేరు, సంతకం, నమోదు నంబరు

నాలుగో అంశం దగ్గరే ఎక్కువ తప్పులు దొరుకుతాయి. ఇంట్లో బాయిలర్, హాబ్ (వంటగట్టులో బిగించిన స్టవ్వు) రెండూ ఉంటే కాగితం మీద బాయిలర్ ఒక్కటే ఉంటుంది. హాబ్ తనిఖీ జరగనట్టే లెక్క. అదే రోజు ఫోను చేసి అడగండి.

కొత్త బాయిలర్ పెట్టినప్పుడు భవన నిబంధనల కింద ఒక సర్టిఫికెట్ వస్తుంది. దాన్ని చూపించి ఇదే గ్యాస్ రికార్డు అనుకునేవారున్నారు. కాదు.

9. లోపం బయటపడితే

ఇంజినీరు రాసే మాటలు రెండు. తక్షణ ప్రమాదం అంటే ఐడీ, ప్రమాదావకాశం అంటే ఏఆర్. మొదటిదైతే అప్పటికప్పుడు గ్యాస్ నుంచి వేరుచేస్తాడు. రెండోదైతే ఆపేసి, వాడవద్దని హెచ్చరిక చీటీ అంటిస్తాడు. ఏ రకమైనా బాగుచేసేదాకా వాడకూడదు, వాడమని అద్దెదారుకు చెప్పకూడదు.

చలికాలంలో బాయిలర్ ఆగితే ఆ రాత్రికే కరెంటు హీటర్లు సమకూర్చండి. ఇంట్లో పసిపిల్లలు, వృద్ధులు ఉంటే మరీ ముఖ్యం. మరమ్మతు రశీదును రికార్డుతో కలిపి దాచండి. లోపం రాసి ఉండి, సరిచేసినట్టు ఆధారం లేని కాగితం మీకే ఎదురుతిరుగుతుంది.

గ్యాస్ వాసన వస్తే ఇంజినీరు కోసం ఎదురుచూడవద్దని అద్దెదారుకు ముందే చెప్పి ఉంచండి. కిటికీలు తెరవాలి, స్విచ్చులు ముట్టుకోకూడదు, మీటరు దగ్గర గ్యాస్ కట్టేయాలి, బయటికొచ్చి 0800 111 999కు ఫోను చేయాలి. ఈ నంబరును మీటరు పక్కన అంటించండి.

10. నకళ్లు, అలారాలు

ఇప్పటికే ఉన్న అద్దెదారుకు తనిఖీ జరిగిన 28 రోజుల్లో నకలు ఇవ్వాలి. కొత్తగా వచ్చేవారికి చేరకముందే ఇవ్వాలి. ఈమెయిల్ చాలు, అయితే "అందింది" అని ఒక్క మాట రాయించుకోండి. కొద్దిరోజులకే వచ్చేవారుండే ఇంట్లో అందరికీ కనబడేలా గోడకు అంటిస్తే సరిపోతుంది. ఒక పరికరం రికార్డును ఆ తర్వాత మరో రెండు తనిఖీలు అయ్యేదాకా దాచాలి. నేనైతే ఏదీ పారేయను.

2022 అక్టోబరు 1 నుంచి ఇంగ్లండ్‌లో, బాయిలర్ లాంటి స్థిరమైన మండే పరికరం ఉన్న ప్రతి నివాస గదిలోనూ కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. గ్యాస్ కుక్కర్‌కు మాత్రం మినహాయింపు ఉంది. కుక్కర్ ఉన్న గదిలోనూ ఒకటి పెట్టండి, పెద్ద ఖర్చు కాదు. పరికరానికి ఒకటి నుంచి మూడు మీటర్ల దూరంలో ఉండాలి. అద్దెదారు చేరిన రోజున మీట నొక్కి మోగుతోందో లేదో చూసి, తేదీ వేసి సంతకం చేయించుకోండి. పాడైందని చెబితే మార్చాల్సిందీ మీరే.

11. ఇండియాలో ఉండే యజమానులకు

ఏజెంటు ఉన్నాడన్న ధీమా సగమే పనికొస్తుంది. ఒప్పందంలో "గ్యాస్ తనిఖీ ఏర్పాటు ఏజెంటుదే" అని స్పష్టంగా రాసి ఉందో లేదో చూడండి. అద్దె వసూలు మాత్రమే చేసే ఏజెంటు ఈ పని చేయడు. చేస్తానని రాసినా చట్టం ముందు మీ బాధ్యత పూర్తిగా తీరిపోదు. జరిమానాకు గరిష్ఠ పరిమితి లేదు, జైలుశిక్షకూ వీలుంది.

ఏజెంటు "అయిపోయిందండీ" అంటే కాగితం పంపమని అడగండి. వచ్చాక ఎనిమిదో అంశంలో చెప్పినట్టు చదివి, ఇంజినీరు నంబరును రిజిస్టర్‌లో మీరే సరిచూడండి. ఇక్కడి నుంచి ఐదు నిమిషాల పని.

ఇంకొకటి. అక్కడ ఉదయం 9 గంటలకు ఇంజినీరు బాయిలర్ తెరిస్తే, ఇక్కడ వేసవిలో మధ్యాహ్నం ఒకటిన్నర, చలికాలంలో రెండున్నర. మీరు భోజనం చేసి కునుకు తీసే వేళ. "ఫ్యాన్ మార్చాలి, 180 పౌండ్లవుతుంది, మార్చమంటారా?" అని ఆయన అడిగేది అప్పుడే. సమాధానం రాకపోతే పనిముట్లు సర్దుకుని వెళ్లిపోతాడు, మళ్లీ రావడానికి మళ్లీ రుసుము. అందుకే అడగకుండా ఎంతవరకు ఖర్చుపెట్టవచ్చో ఏజెంటుకు ముందే రాసి ఇవ్వండి, ఆ రోజు మాత్రం ఫోను పక్కనే పెట్టుకోండి.